సమాధుల దొడ్డి వైపు గేటు

మా ఊరి మురుగునీటి ప్లాంటుకు ఆపరేటర్ని నేనే. ప్లాంటంటే ఏదో పెద్దది అనుకునేరు! ఊరి కాలవలన్నీ వచ్చి పడే మూడు గుంటలు, ఒక మోటారు, రెండు ఇనుప గేట్లు. మొదటి గుంటలో బురద అడుక్కు దిగాలి. మోటారు ఆ నీళ్లను రెండో గుంటలోకి తోడాలి. మూడో దాంట్లో తేరుకున్నాక వాగులో కలవాలి. కాగితం మీద అంతా భేషుగ్గా ఉంది. మోటారు కాలి రెండేళ్లయింది. నందిగామలో వైండింగు చేయించి తెస్తే నెలకే మళ్లీ పోయింది. ఆ తర్వాత ఎవడూ పట్టించుకోలేదు.

మొదటి గుంట నిండితే నీళ్లు ఎటో ఒకవైపు వదలాలి కదా. ఒక గేటు ఎత్తితే కామేశం గారి మిర్చి చేలోకి పోతాయి. రెండోది ఎత్తితే మా పేట సమాధుల దొడ్డిలోకి.

"ఏవయ్యా సొలొమోనూ, నా చేలో చుక్క పడిందంటే నీ ఉద్యోగం ఉండదు" అన్నాడు కామేశం గారు. రిటైరైన హెడ్మాస్టరు, ఆయన మాట పంచాయతీలో చెల్లుతుంది.

నేను రెండో గేటు ఎత్తాను. "చచ్చినోళ్లు వెళ్లి అర్జీ పెట్టరు లెండి" అని పైగా జోకొకటి. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గులేని వెధవని.

మా అమ్మ పున్నమ్మ ముప్పై ఏళ్లు ఈ ఊరి కాలవలు తీసిన మనిషి. సంగతి తెలిసి నా మీద పడింది.

"అక్కడ మీ నాన్నున్నాడ్రా. నన్నూ ఆయన పక్కనే పెట్టాలి. ఆ గేటు దించెయ్."

"ఇప్పుడేం తొందరొచ్చిందే నీకు?" అన్నాను. ఆమె రోజూ అడిగేది. నేను రోజూ రేపనేవాణ్ణి.

ఆగస్టు ముసురులో అమ్మ పోయింది. మర్నాడు పొద్దున్నే మా పేట కుర్రాళ్లు గొయ్యి తవ్వడానికి వెళ్లారు. గంటలో డేవిడ్‌రాజు ఉరుక్కుంటూ వచ్చాడు.

"అన్నా, రెండడుగులు దిగామో లేదో నీళ్లూరుతున్నాయి. మామూలు నీళ్లు కాదన్నా" అని తలొంచుకున్నాడు.

వెళ్లి చూశాను. నల్లటి నీళ్లు, పైన సబ్బు నురగ, ముక్కు పగిలే కంపు. పరుగెత్తి గేటు దించబోతే తుప్పు పట్టి కదల్లేదు. సుత్తితో బాది బాది దించాను. తర్వాత నలుగురం బకెట్లతో తోడాం. తోడేకొద్దీ ఊరుతూనే ఉంది. రెండేళ్లుగా తాగిన నేల ఒక్కపూటలో ఆరుతుందా?

"గట్టు మీద పెడదాం సొలొమోనూ, అక్కడ పొడిగా ఉంది" అన్నారు పాస్టరు ఆశీర్వాదం గారు.

నా భార్య గ్రేసీ లేచింది. "అత్తమ్మ ఏం కోరుకుందో ఈయనకి తెలుసండీ అయ్యగారూ. మావయ్య పక్కనే పెట్టండి."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "పక్కనే పెడదాం" అన్నాను.

జగ్గయ్యపేట నుంచి తెచ్చిన పెట్టెను తాళ్లతో దించాం. అది దిగలేదు, నీళ్ల మీద తేలింది. ఒక పక్కకు ఒరిగి గోతి అంచుకు కొట్టుకుంది. ఆడవాళ్లు గొల్లుమన్నారు. డేవిడ్‌రాజు పార కామతో ఒక చివర నొక్కితే రెండో చివర లేచింది. వేసిన మట్టి పక్కలకు జారిపోయింది. అయ్యగారి ప్రార్థన మధ్యలో ఆగింది. అందరూ నా వంక చూశారు.

చెప్పులు విప్పి గోతిలోకి దిగి, పెట్టె మీద నిలబడ్డాను. అది మెల్లగా కిందికి పోయింది. ఊరి మురుగు నా మోకాళ్ల దాకా వచ్చింది.

"వెయ్యండ్రా మట్టి!" అని అరిచాను. ఎవరూ కదల్లేదు. "మీకు దణ్ణం పెడతా, వెయ్యండ్రా!"

పారలు లేచాయి. "అమ్మా, తప్పయిపోయిందే, తప్పయిపోయిందే" అని ఏడుస్తున్నాను. కాసేపటికి డేవిడ్‌రాజు పైకి రమ్మని చెయ్యందించాడు. కాలు తీస్తే పెట్టె మళ్లీ లేస్తుందేమోనని భయం. మట్టి తొడల దాకా వచ్చేవరకూ మా అమ్మ మీదే నిలబడ్డాను.