పొరుగింటి మందు

భాగీరథికి ఫరీన్ మీద కోపమేమీ లేదు. ఉన్నదల్లా కుళ్ళు. కోపమైతే నాలుగు తిట్లు తిట్టి చల్లారవచ్చు, కుళ్ళుకు ఆ వెసులుబాటు ఉండదు. పొద్దున్నే ఎదురింటి తలుపు తెరుచుకుంటే చాలు, ఆమె కడుపులో పొయ్యి రాజుకునేది.

ఆ ఎదురింటి గడప మీద ఫరీన్ కొడుకు జుబేర్ కూర్చుని సిరప్ తాగేవాడు. తాగి, మూతి తుడుచుకుని, బడిసంచి తగిలించుకుని పోయేవాడు. వాడి వైద్యం అంతటితో సరి. ఇటు భాగీరథి కూతురు శ్రీనితకు పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది, తొడలో, భాగీరథే వేసేది. సూది కనబడగానే ఆ పిల్ల మంచం కిందికి దూరేది. కాలు పట్టుకుని బయటికి లాగుదామంటే రోగం ఉన్నది ఆ కాలికే.

ఇద్దరిదీ ఒకటే జబ్బు, కాలి నరంలో రక్తం గడ్డకట్టడం. ముసలివాళ్ళకు రావలసింది పిల్లలకేమిటని జహీరాబాద్‌లోని ఆ గల్లీ మొత్తం బుగ్గలు నొక్కుకుంది. జుబేర్ మేడ మెట్ల మీంచి పడి, విరిగిన కాలు కట్టుతో మంచాన ఉండగా వచ్చింది. శ్రీనిత విషజ్వరంతో ఐసీయూలో ఉన్నప్పుడు తొడ దగ్గర నరంలోకి గొట్టం పెట్టారు. ఇంటికి వచ్చాక ఆ కాలు వాచింది. జ్వరం నీరు పట్టిందిలే అని అందరూ అంటుంటే ఆ వాపును పోల్చుకున్నది ఫరీనే.

"అక్కా, మా జుబేర్‌కు గిట్లనే అయింది. ఈడ తిరగకు. సీదా హైదరాబాద్ తీస్కపో," అని దగ్గరుండి బస్సు ఎక్కించింది.

ఆ మేలుకు కృతజ్ఞత ఉండాలి. లేకేం, ఉంది. కాకపోతే కృతజ్ఞత ఏదో ఒక మూల ఒదిగి కూర్చుంటే, కుళ్ళు నట్టింట్లో కాళ్ళు బారచాపుకుని కూర్చుంది.

హైదరాబాద్‌లో పిల్లల ఆస్పత్రి డాక్టరు నిదానంగానే చెప్పాడు. పిల్లల్లో ఈ జబ్బు అరుదు. అందుకే ఇన్నాళ్ళూ పెద్దవాళ్ళ మీద చూసినదాన్ని బట్టే పిల్లలకూ మందులు ఇస్తూ వచ్చారు. పాత సూది మంచిదా, కొత్త సిరప్ మంచిదా అని ఇప్పుడు పిల్లల్లోనే పరిశోధన చేస్తున్నారు. ఎవరికి ఏది ఇవ్వాలో డాక్టర్లు ఎంచరు, కంప్యూటరు చీటీ తీస్తుంది. ఇష్టం లేకపోతే చేరనక్కర్లేదు, వైద్యం ఎలాగూ ఆగదు.

ఇంత చెబితే భాగీరథి చెవికెక్కింది సిరప్ అన్న ఒక్క ముక్క. ఇదే పరిశోధనలో జుబేర్‌కు వచ్చింది సిరప్పే కదా అని సంతకం పెట్టేసింది. తీరా చీటీలో సూది వచ్చింది.

"మా బిడ్డకే సూది ఎందుకొచ్చింది మేడం?" అని అడిగింది. పరిశోధనలో పిల్లల బాగోగులు చూసే నర్సు ప్రత్యూష నవ్వి, "చీటీ అమ్మా. అందులో నా చేయి లేదు, దేవుడి చేయి కూడా లేదు," అంది.

భాగీరథి నమ్మలేదు. పండగ లక్కీ డ్రాలో మిక్సీ ప్రతిసారీ షాపువాడి బామ్మర్దికే తగలడం ఆమె కళ్ళారా చూసిన మనిషి. ఇంటికి వచ్చి భర్త ఇంద్రసేన దగ్గర గోడు వెళ్ళబోసుకుంది. అతను ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.

"సూది మందు ఎప్పటిసందో ఉన్నదే. నమ్మకంగ పనిజేస్తది. ఊకో," అన్నాడు.

"పొడిచేది నీ తొడల గాదు గద, ఊకుంటవ్ నువ్వు."

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! పొరుగింటి మందైతే అమృతమే. జుబేర్ గల్లీలో పరుగెత్తితే అది సిరప్ మహిమ. శ్రీనిత కుంటితే అది సూది పాపం. కాలు విరిగిన పిల్లవాడికి తన కూతురి కంటే నెలల ముందే వైద్యం మొదలైందన్న సంగతి ఆమె లెక్కలోకి రాలేదు. ఝరాసంగం గుడికి వెళ్ళి మొక్కుకున్నా దేవుడి ఎదుట ముందు జుబేర్ సిరప్పే గుర్తొచ్చింది, కూతురి కాలు తర్వాత.

ఇలా ఉండగా ఫరీన్ ఇంట్లో ఫ్రిజ్ పాడయింది. ఆ సిరప్ చల్లగా ఉంచాలి. ఆమె సీసా పట్టుకుని గల్లీ దాటి వచ్చింది.

"అక్కా, జర నీ ఫ్రిజ్‌ల పెడత. మా ఆయనకు షాదీల సీజన్, సూట్ల మీద సూట్లు కుడుతుండు. ఫ్రిజ్ దిక్కు సూస్తలేడు."

"పెట్టు, దానికేమున్నది," అంది భాగీరథి. పాలగిన్నె పక్కన జాగా చేసి ఇచ్చింది. ఆ రోజు నుంచి రెండు పూటలా ఫరీన్ వచ్చి తన కొడుక్కి కావలసినంత మందు తీసుకుపోయేది.

మొదటి సాయంత్రమే శ్రీనిత మంచం కింద నుంచి అడిగింది. "అమ్మా, జుబేర్ మందు మనింట్లనే ఉన్నది గద. నాకు గది పొయ్యవా?"

ఆ గల్లీలో ఇంటింటికీ కూరగిన్నెలు తిరిగినట్టే మందులూ తిరిగేవి. ఒకరి దగ్గు మందు ఇంకొకరి పిల్లవాడు తాగేవాడు, ఒకరి కంటి చుక్కలు గల్లీ కళ్ళన్నింటిలో పడేవి. ఎవరూ తప్పనుకునేవారు కాదు. అయితే గిన్నె ఇచ్చేవాళ్ళు ఇస్తేనే అది మర్యాద. అడగకుండా తీస్తే దానికి వేరే పేరుంది. అడిగితే ఫరీన్ ఇవ్వదని భాగీరథికి తెలుసు, కనకనే అడగలేదు.

జుబేర్‌కు పట్టే గీత వరకే సిరప్ తీసి కూతురికి తాగించింది. పిల్ల పెదవులు నాక్కుని, "గింతేనా?" అని నవ్వింది. జ్వరం వచ్చిన తర్వాత ఆ పిల్ల సాయంత్రం పూట నవ్వడం అదే మొదలు. భాగీరథి ఏడ్చినంత పని చేసింది. వాడిన సూదులు ఆస్పత్రికి తిరిగి అప్పజెప్పాలి కనక, ఆ పూట సూదిలోని మందు సింకులో చిమ్మి ఖాళీది డబ్బాలో వేసింది.

సీసాలో మందు తగ్గింది. ఫరీన్ కళ్ళు చురుకైనవి. అందుకని తగ్గిన మేరకు నీళ్ళు పోసింది. మరిగించి చల్లార్చిన నీళ్ళే పోసింది. మోసంలోనూ శుభ్రత పాటించే ఇల్లాలు.

ఒక్క పూటే అనుకున్నది రోజూ అలవాటైంది. పూటపూటకూ మందు తగ్గుతూ, నీళ్ళు పెరుగుతూ పోయాయి. ఆ వారం భాగీరథి కడుపులో పొయ్యి ఆరిపోయింది. ఎదురింటి గడప మీద జుబేర్ తాగుతుంటే నిమ్మళంగా చూడగలిగింది. ఇద్దరు పిల్లలకూ సమానమైందని తనకు తాను చెప్పుకుంది కూడా.

ఆదివారం మధ్యాహ్నం ఫరీన్ కేక వినబడింది. భాగీరథి పరుగెత్తుకెళ్ళేసరికి జుబేర్ చాప మీద పడి ఉన్నాడు. కాలు తొడ దాకా ఉబ్బి నిగనిగలాడుతోంది. ఫరీన్ అప్పటికే ప్రత్యూషకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"మందు ఏమైనా తప్పిందా?" ప్రత్యూష అడిగింది.

"అల్లా కసం మేడం, ఒక్క పూట తప్పలే. భాగీరథక్క ఫ్రిజ్‌లనే ఉంటది మందు. అడుగున్రి, అక్కే గవా."

ప్రత్యూష నిదానంగా చెప్పింది. "చూడమ్మా, సరిగ్గా వేస్తున్నా గడ్డ పెరిగిందంటే సంగతి వేరు. గడ్డ కరిగించే గట్టి మందు ఎక్కించాలంటారు డాక్టరు. దానితో తలలో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. అందుకే మళ్ళీ అడుగుతున్నా. పిల్లవాడికి మందు పూర్తిగా అందిందా లేదా? నేను ఇప్పుడే ఆయనకు చెప్పాలి."

తేలు కుట్టిన దొంగలా నిలబడింది భాగీరథి. సీసా ఆమె ఇంట్లోనే ఉంది, పారబోస్తే పోయేది. పైగా ఫరీనే ఆమెను సాక్షిగా నిలబెట్టింది. నోరు మూసుకుంటే తప్పు సిరప్ మీదికి పోతుంది. పోతే పోనీ, దాని గొప్ప దిగుతుంది అని కూడా అనిపించింది. ఎంత పాడు బుద్ధో చూడండి, పిల్లవాడు అలా పడి ఉంటే!

"ఆంటీ, నొస్తుంది," అన్నాడు జుబేర్.

"అందలే మేడం," అంది భాగీరథి. "మందుల నీళ్ళు గలిపిన. నేనే. మా బిడ్డకు తాపిచ్చి, తక్కువైనకాడికి నీళ్ళు పోసిన."

ఫరీన్ ఆమె మొహంలోకి చూసింది. కొడుతుందనుకుంది భాగీరథి. కొట్టి ఉంటే బాగుండేది.

"ఎన్ని దినాలసంది?"

"ఫ్రిజ్‌ల పెట్టినసంది."

ఫరీన్ ఆ మాటే ఫోన్‌లో చెప్పింది. ఇద్దరు పిల్లల్నీ, ఆ సీసానూ వెంటనే తీసుకురమ్మంది ప్రత్యూష. ఫరీన్ భర్త అస్లం ఎవరిదో కారు మాట్లాడుకుని వచ్చాడు. హైదరాబాద్ దారిలో భాగీరథి నీళ్ళ సీసా చాపితే ఫరీన్ తీసుకోలేదు. ఆ చేతి నీళ్ళు ఆమె ఇంకేం తాగుతుంది!

గట్టి మందు అవసరం రాలేదు. అందవలసిన మందు అందక పెరిగిన గడ్డ అని తెలిసింది కనక, సూదితో పూర్తి మోతాదు మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు వాపు తీసింది. శ్రీనితకూ పరీక్షలన్నీ చేసి, అదృష్టం బాగుందన్నారు. డాక్టరు అరవలేదు. "మీ ఇద్దరి పిల్లల ఫలితాలు ఇక ఈ పరిశోధనకు పనికిరావమ్మా. రేపు ఇంకో పిల్లవాడికి ఏ మందు ఇవ్వాలో వీటిని చూసి చెప్పలేం," అని మాత్రం అన్నాడు. ఇద్దరికీ సూదులే రాసి ఇంటికి పంపాడు.

సూది వేయడం ఫరీన్‌కూ నేర్పారు గానీ కొడుకు తొడ చూస్తే ఆమె వేళ్ళు పట్టు తప్పేవి. రోజంతా సూదితోనే బతికే అస్లం అయితే కళ్ళే మూసుకున్నాడు. ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున ఫరీన్ కొడుకుని నడిపించుకుంటూ భాగీరథి గుమ్మంలో నిలబడింది.

"నువ్వెయ్యి," అంది.

"నా మీద నమ్మకమున్నదా ఫరీన్?"

"లేదు. నీ చెయ్యి మంచిగున్నది, గందుకే వచ్చిన."

సీలు తీయని సూది ఆమె పిడికిట్లోనే ఉంది. సీలు చూపించి, భాగీరథి చేత తన ముందే చింపించింది. కొడుకు పక్కన గొంతుక్కూర్చుంది.

జుబేర్ మంచం కిందికి దూరలేదు. నిక్కరు పైకి మడిచి, గోడ మీద క్యాలెండరు బొమ్మ చూస్తూ కూర్చున్నాడు. సూది దిగింది. వాడు పెదవి బిగబట్టాడు తప్ప కిక్కురుమనలేదు. "అయిపోయిందా ఆంటీ?" అని లేచాడు. లోపలి గదిలో శ్రీనిత తన వంతు వస్తుందని అప్పుడే ఏడుపు లంకించుకుంది.

దూది అద్దుతున్న భాగీరథికి కడుపులో చురుక్కుమంది. ఫరీన్ కొడుకైతే ఏడవడు. నా బిడ్డే ఎందుకిట్ల ఏడుస్తది? వాడికి ఆ ధైర్యమూ ఇచ్చాడా దేవుడు? పొయ్యి ఆరలేదు, ఇన్ని జరిగాక కూడా. ఆమెకు తనను చూసి తనకే భయమేసింది.

ఖాళీ సూదిని ఫరీన్ అడగకముందే ఆమె అరచేతిలో పెట్టేసింది.

"ఫరీన్, రోజూ గిట్లనే కూసో," అంది. "నేను సూది ఏసేటప్పుడు నా చేతి మీదికెల్లి కండ్లు తియ్యకు."