చెప్పకుండా వచ్చేసిన రోజు

మా ఆయన భీమారావు పోయాక, కెనడాలోని కిచెనర్‌లో ఉండే మా అమ్మాయి ధాత్రి దగ్గరికి వచ్చేశాను. పగలంతా ఆ వీధిలో మనుషులుండేది రెండిళ్లలోనే: మా ఇల్లు, పక్కింటి అంపారో ఇల్లు. కొలంబియావిడ. ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని నేనే స్పానిష్ మొదలుపెట్టాను.

"ఈ వయసులో ఎందుకమ్మా?" అంది ధాత్రి.

"నీతో మాట్లాడదామంటే నీకెప్పుడూ మీటింగులే కదే" అన్నాను.

అంపారో వంటింట్లోనే క్లాసు. భ్రమరాంబ అనడానికి నోరు తిరగక నన్ను అంబా అనేది. కిటికీ బయట మంచు తీరిగ్గా రాలుతుండేది, పొయ్యి మీద చాక్లెట్ మరుగుతుండేది. ఇద్దరం జరిగిపోయిన కాలంలో తిరిగేవాళ్లం. వచ్చాను, తిన్నాను, చూశాను. ఆ క్రియలు ఒక్కటీ తిన్నగా ఉండి చావవు. మధ్యాహ్నం కునుకులో కూడా అవే గొణిగేదాన్ని. నిద్రలో రాజమండ్రి మేడ మీద మంచు కురిసేది, కింద ఎవరో స్పానిష్‌లో పిలిచేవారు. లేవబుద్ధి అయ్యేది కాదు.

ఆ చలికాలంలోనే అంపారో భర్త నిద్రలో పోయాడు. పరామర్శకు వెళ్లాను. చెయ్యి పట్టుకుని కూర్చుని, మన పద్ధతి ప్రకారం మాట్లాడకుండా లేచి వచ్చేశాను. చావింట్లో వెళ్లొస్తానని ఎవరంటారు, నాకు బుద్ధి లేదా?

తర్వాత ఎన్నిసార్లు బెల్ కొట్టినా తలుపు తీయలేదు. కర్టెన్ కదిలేది, అంతే. ముందు ఒళ్లు మండింది, ఆ పైన ఏడుపొచ్చింది. ఈ ఊళ్లో నాకున్న స్నేహం అదొక్కటే.

చివరికి చెత్తడబ్బా బయట పెడుతుంటే దొరకబుచ్చుకున్నాను.

"ఆయన చెప్పకుండా పోయాడు. నువ్వూ చెప్పకుండానే పోయావు, అంబా" అంది.

నాకొచ్చిన స్పానిష్ అంతా కూడగట్టుకున్నాను. "మా వాళ్లలో చావింట్లో వెళ్లొస్తాననరు. అలాంటి పని మీద మళ్లీ రాకూడదని. నీ మంచి కోరే చెప్పలేదు." తప్పులు బోలెడు. ఆవిడ ఒక్కటీ దిద్దలేదు.

మంచు మా ఇద్దరి తలల మీదా పడుతూనే ఉంది.

"మీ ఆయన పోయినప్పుడూ అందరూ అలాగే వెళ్లారా?" అంది.

"వెళ్లారు."

"తర్వాత వచ్చారా?"

ఆ రోజు రాజమండ్రిలో ఇంటి నిండా జనం, గుమ్మం నిండా చెప్పులు. ఆ మర్నాటి నుంచి ఖాళీ వరండా.

"రాలేదు" అన్నాను. మాట వెతుక్కోకుండానే వచ్చింది.

అంపారో డబ్బా అక్కడే వదిలేసి, నా మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.