ఎత్తిన నడుము

మా ఆయన ఊపిరితిత్తిలో గడ్డకి రేపటినుంచి కిరణాల వైద్యం. ఊపిరితోపాటు గడ్డ కూడా కదులుతుందట. అందుకని నిండా గాలి పీల్చి బిగబట్టి పడుకోవాలి. అప్పుడు గుండె కాస్త ఎడంగా జరుగుతుంది, గడ్డ ఒకచోట నిలుస్తుంది. ఛాతీకి దిగువన, పొట్టమీద పెట్టిన చిన్న డబ్బా ఎంత లేస్తే తెరమీద గీత అంత లేస్తుంది. ముందు తీసిన స్కానులో ఎంత ఊపిరి పట్టారో దాన్నిబట్టి తెరమీద పచ్చపట్టీ పెడతారు; గీత అందులోకి వస్తేనే కిరణం వదులుతారు. మిషను నడిపే అమ్మాయి ఇదంతా నాకు ఓపిగ్గా చెప్పింది.

సాయంత్రంనుంచి ఆయన కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, చివరికి మంచమెక్కారు.

"చూడు, ఒకసారి ఊపిరి పట్టి చూపిస్తా."

మా తమ్ముడు నవ్వాడు. "అక్క మాట్లాడుతుంటే ముప్పయ్యేళ్ళుగా ఊపిరి బిగబట్టి వింటున్నావు. నీకు ప్రాక్టీసెందుకు బావా?"

"నోర్మూసుకోరా," అన్నాను.

ఆయన ఛాతీ బాగానే లేచింది. దుప్పటి సర్దబోతే నా చెయ్యి ఆయన నడుము కిందనుంచి సులువుగా అవతలికి వెళ్ళిపోయింది.

"ఏవండీ, నడుము ఎత్తుతున్నారు!"

గాలి వదిలేశారు. "ఎత్తితే ఏం? అక్కడ గీత పచ్చలోకి వస్తోందిగా."

"స్కాను తీసినరోజూ ఇంతేనా?"

తమ్ముడి నవ్వు ఆగిపోయింది.

"ఉత్త గాలితో అంత రాదే. దగ్గొస్తుంది," అన్నారు మెల్లిగా. "రాదంటే ఈ పద్ధతి కుదరదంటారు. అప్పుడు కిరణం గుండెకి తగులుతుందన్నాడు డాక్టరు."

"నడుమెత్తితే డబ్బా లేస్తుంది. గడ్డ జరుగుతుందా?"

"నాకేం తెలుసు! ఎవరికైనా చెప్పావో, నామీదొట్టే."

"ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టండి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

అటు తిరిగి పడుకున్నారు.

దేవుడి ముందు కూర్చున్నాను కానీ మనసు నిలవలేదు. గీత పచ్చలోకి రావాలనే ఇన్నాళ్ళూ మొక్కాను. వచ్చింది. అడిగిందే ఇచ్చాడు స్వామి. నాకే అడగడం చేతకాలేదేమో.

పొద్దున్న ఆస్పత్రిలో పేరు పిలిచారు. ఆయన నావైపు చూడకుండా లోపలికి నడిచారు. చెప్పేద్దామని నేను కూడా వెనకాలే గుమ్మందాకా వెళ్ళాను. నోరు తెరిచేలోపే ఆయన గొంతు వినిపించింది.

"అమ్మా, నేను నడుమెత్తి గీత తెప్పించాను. స్కానులో కూడా అంతే."

ఆ అమ్మాయి కోప్పడలేదు. "చాలామంది తెలియకుండానే ఎత్తుతారండీ. ముందే చెప్పారు, మంచిదైంది. మళ్ళీ స్కాను తీయాలి. మీకు సులువుగా వచ్చే ఊపిరికే పట్టీ పెడతాం. గుండె తప్పించడానికి అది చాలుతుందో లేదో డాక్టరుగారు చూడాలి."

"మరి ఇవాళ?"

"ఇవాళ మొదలవదండీ."

స్కానయ్యాక చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. మొహం పాలిపోయింది.

"చిన్న ఊపిరే తీశానే. వీపు బల్లకి అంటుకునే ఉంది."

"చాలుతుందన్నారా?"

"డాక్టరు చూసి ఫోను చేస్తారట."

వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరగడం మొదలుపెట్టారు.

"కాసేపు కూర్చోండి," అన్నాను.

"ముందు నువ్వు కూర్చో," అన్నారు. అప్పుడుగానీ తెలియలేదు, నేను కూడా ఆయన వెనకాలే తిరుగుతున్నానని.