బ్యాంకు దగ్గర తాళం లేని లాకరు

గుడివాడలో రత్నకుమారి గారింట్లో రహస్యం అనేది శుక్రవారం దాకానే రహస్యం. శుక్రవారం సాయంత్రం హాల్లో చాపలు పరుస్తారు. సంఘంలోని వాళ్ళు వచ్చి కూర్చుంటారు. రెండు పాటలయ్యాక పాస్టరు శామ్యూల్ రాజ్ గారు "ప్రార్థన అవసరతలు ఉంటే చెప్పండి" అంటారు. ఇక అంతే, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. చెడ్డమనిషని కాదు. మనుషులతో చెబితే చాడీ అవుతుంది గానీ, దేవుడికి చెబుతూంటే పక్కవాళ్ళు విన్నారు, అందులో తన తప్పేముందని ఆవిడ నమ్మకం.

ఆ నమ్మకం రుచేమిటో కోడలు షీబాకి కిందటేడు తెలిసింది. మూడో నెలలో కడుపు పోయింది. అత్తగారు కన్నీళ్ళతో ప్రార్థన కోరారు. ఆదివారానికల్లా కబురు పెదపారుపూడి మీదుగా బందరు చేరింది. హార్లిక్స్ సీసాలతో వచ్చినవాళ్ళు వస్తూనే ఉన్నారు, ప్రతివాళ్ళూ "ఎలా జరిగిందమ్మా" అని మొదట్నించీ చెప్పించుకున్నారు. పక్కింటి కొండమ్మ గారు గోడ మీద నుంచి "మీ దేవుడు మీకున్నాడనుకో, అయినా పిల్లల కోసం ఒక్కసారి మోపిదేవి గుడికి వెళ్ళిరండమ్మా" అంది. అందరిదీ ప్రేమే. ఆ ప్రేమకి జవాబులు చెప్పీ చెప్పీ షీబాకి ఏడవడానికి తీరిక దొరకలేదు.

ఇప్పుడు మళ్ళీ విజయవాడలో వైద్యం మొదలైంది. ఈసారి కడుపు నిలిచేదాకా తనకీ, భర్తకీ, డాక్టరమ్మకీ తప్ప ఎవరికీ తెలియకూడదని షీబా పంతం పట్టింది. కానీ ఆ ఇంట్లో ఫోన్లూ టీవీ అన్నీ ఒకే అకౌంటు మీద నడుస్తాయి. రిటైరైన హెడ్మాస్టరు, మావగారు జీవానందం గారు, ఒక కుటుంబానికి ఒక పాస్‌వర్డ్ చాలని పెట్టిన ఏర్పాటది. దాంతో ఒక సాయంత్రం హాల్లో టీవీ తనంతట తానే ఫోటోలు తిప్పుతూ, క్రిస్మస్ పాటల ఫోటోకీ నాగాయలంక పడవ ఫోటోకీ మధ్య, షీబా స్కానింగ్‌ని తెరనిండా చూపించింది.

"ఏంట్రా అది?" అన్నారు రత్నకుమారి గారు, చిక్కుడుకాయలు తుంచుతూ.

షీబా భర్త కిరణ్ కుమార్ అబద్ధం ఆడి ఎరగడు. బూడిదరంగు మధ్య నల్లటి గుండ్రం చూసి, నోటికొచ్చింది అనేశాడు. "తుఫానమ్మా. బంగాళాఖాతంలో."

ఆవిడ చిక్కుడుకాయ పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నారు. "క్షేమంగా తీరం చేర్చు తండ్రీ."

తుఫాను క్షేమంగా తీరం చేరడమేంటో షీబాకి అర్థం కాలేదు గానీ, గబుక్కున టీవీ కట్టేసింది.

ఆ మర్నాడే క్లౌడ్ స్టోరేజీల వేట మొదలైంది. షీబా బ్యాంకులో లాకర్ల పని చూస్తుంది. అక్కడ లాకరు తెరవాలంటే ఖాతాదారు తాళంతో పాటు బ్యాంకు తాళం కూడా పడాలి. తనకి కావలసింది బ్యాంకు దగ్గర తాళమే లేని లాకరు. కాలేజీలో కంప్యూటర్లు చెప్పే కిరణ్ ఒక్కొక్కటే వెతికి తెచ్చాడు.

మొదటిది బోలెడు చోటు ఊరికే ఇస్తానంది. షరతులు చదివితే, దాచినవాటిని అప్పుడప్పుడూ వాళ్ళే తిరగేస్తారట.

"అత్తయ్య నయం కదండీ, కనీసం ప్రార్థన చేస్తారు" అంది షీబా.

రెండోది అన్నీ తాళం వేసే పెడుతుంది, కానీ మారుతాళం కంపెనీ దగ్గరే. ఎవరన్నా గట్టిగా అడిగితే తీసి చూపించగలరు. మూడోదాంట్లో ఫోటో ఫోన్లోంచి బయటికి రాకముందే తాళం పడిపోతుంది, తాళంచెవి మనదే. వాళ్ళ ప్రోగ్రామంతా బయట పెట్టారు, తెలిసినవాళ్ళు ఎవరైనా తనిఖీ చేసుకోవచ్చు. చోటు మాత్రం తక్కువ. పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ కూడా ఏమీ చెయ్యలేదు.

"మర్చిపోతే ఎలా షీబా?" అని కిరణ్ నీరుగారిపోయాడు. "తొందరొద్దు. ప్రార్థన చేసి నిర్ణయిద్దాం."

ఎవరైనా అనేమాటే కదా అని షీబా తలూపింది. అక్కడే పప్పులో కాలేసింది.

శుక్రవారం నాడు కిరణ్ కుమార్ పాటలకి వాయించే కీబోర్డు ముందు నుంచి లేచి నిలబడ్డాడు. "వందనాలండీ. ఎవరికీ కనపడకుండా కొన్ని ఫైళ్ళు దాచుకోవాలండీ. సరైన చోటు దొరికేలా ప్రార్థించండి."

షీబాకి చాప కింద దూరిపోవాలనిపించింది.

మర్నాటికి ఊహలు ఊరేగాయి. నందివాడలో వీళ్ళకున్న పొలం గుట్టుగా అమ్మేస్తున్నారని కొందరన్నారు. కిరణ్ కీబోర్డు సర్దుకుని పాటలతో సహా వేరే సంఘంలో చేరిపోతున్నాడని శుక్రవారం ప్రార్థనకొచ్చే మాణిక్యం గారు ఏకంగా బెంగపెట్టుకుంది. సాయంత్రం రత్నకుమారి గారు వంటింట్లోకి వచ్చి తలుపు చేరవేశారు. అయిపోయింది, వచ్చే శుక్రవారం నుంచి మళ్ళీ హార్లిక్సులే అనుకుంది షీబా.

"ఆవేళ టీవీలో వచ్చింది తుఫాను కాదని నాకు తెలుసమ్మా" అన్నారావిడ. "తుఫాన్లకి పేర్లు పెడతారని విన్నాను గానీ, మూల మీద షీబా అని రాసుంటుందా?"

షీబా పొయ్యి వైపు తిరిగి పప్పు కలపసాగింది.

"అప్పట్నించీ ప్రతి శుక్రవారం నోరు కట్టేసుకుని కూర్చున్నాను. కిందటేడు నిన్నెంత నలిపానో ఆ తర్వాతే తెలిసింది. నువ్వు గదిలోంచి బయటికి రావడం మానేశావు కదా." అంతలోనే పౌరుషంగా అన్నారు. "మీరిద్దరూ అనుకునేది విన్నాన్లే. ఆ మూడో కంపెనీ వాళ్ళకి తెలీదు, కాబట్టి చెప్పరు. అదేం గొప్పమ్మా? నేను తెలిసీ చెప్పలేదు."

కిందటేడు ఏడవాల్సిన ఏడుపు షీబాకి అప్పుడొచ్చింది. అత్తగారి భుజం మీద తలపెట్టి తీరిగ్గా ఏడ్చింది. పొయ్యి మీద పప్పు మాడింది.

ఆ పూటే మూడోదాన్ని ఎంచుకుని, స్కానింగులన్నీ అందులోకి మార్చి, ఇంటి అకౌంటులోంచి తీసేసింది. తను మర్చిపోయినా ఇంకొకరికి గుర్తుండాలి కాబట్టి పాస్‌వర్డ్ అత్తగారి చెవిలో చెప్పింది. కిరణ్ ఎంత బతిమాలినా అతనికి మాత్రం చెప్పలేదు.

మళ్ళీ శుక్రవారం. పాస్టరుగారు అవసరతలు అడగ్గానే చాపల మీద తలలన్నీ రత్నకుమారి గారి వైపు తిరిగాయి. ఆవిడ కొంగు సర్దుకుని లేచారు.

"తుఫాను కోసం ప్రార్థించండి అయ్యగారూ. క్షేమంగా తీరం చేరాలి."

బయట ఆకాశంలో మబ్బుతునక లేదు. మాణిక్యం గారు కిటికీలోంచి తొంగి చూసి మరీ కూర్చుంది. అయినా అడిగింది రత్నకుమారి గారు కాబట్టి, అందరూ కళ్ళు మూసుకున్నారు. దేనికోసమో తెలియకుండానే మనస్ఫూర్తిగా ప్రార్థించారు. ఆఖర్న అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది షీబా.