పెదవులు కదిపే కోడలు

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకు పెద్ద గొడవలేమీ లేవు. గొడవల్లా కోడలి పెదవులతోనే. బస్సెక్కినా, సినిమాకెళ్ళినా, పళ్ళ డాక్టరు దగ్గర తమ వంతు కోసం కూర్చున్నా సరే, ఆ పిల్ల ఓసారి చుట్టూ చూసి తనలో తాను ఏదో గొణుక్కునేది. ఊళ్ళో సగం మందికి జాకెట్లు కుట్టి, మనుషుల కొలతలన్నీ చూపుతోనే తీసేయగలననుకునే అత్తగారు, అది తనను తిట్టుకోవడమేనని తేల్చేసింది. అడిగితే చులకనైపోతానని అడగలేదు. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక కొడుకు దగ్గర వెళ్ళగక్కింది. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. కోడలిది విమానంలో ఉద్యోగం. విమానం నేలకు దిగే ముందు ప్రతిసారీ సిబ్బంది తమకు తాము మూడు ప్రశ్నలు వేసుకోవాలట. తలుపు ఎక్కడ, పిడి ఎటు తిప్పాలి, సాయానికి ఎవరున్నారు. అలా చేసీ చేసీ ఇప్పుడు ఎక్కడ కూర్చున్నా ఆమెకు అదే జపమని చెప్పాడు. అత్తగారు తల ఊపింది గానీ నమ్మలేదు. తిట్లకు ఇంత చక్కటి సాకు దొరకడం కోడలి అదృష్టం అనుకుంది.

తర్వాత కొన్నాళ్ళకు ఆవిడ రైల్లో చెల్లెలింటికి వెళ్ళింది. తిరుగు ప్రయాణం మాత్రం కోడలి పుణ్యమా అని, కోడలు డ్యూటీలో ఉన్న విమానంలోనే కుదిరింది. విమానమెక్కడం అదే మొదలు. మధ్య వరసల్లో కిటికీ పక్క సీటు. బెల్టు పెట్టుకోవడం, తీయడం కోడలు దగ్గరుండి చూపించింది. ఆవిడ ఊరుకుంటుందా? బెల్టు మీది రేకు ఎత్తడం, బెల్టు ఊడదీయడం, మళ్ళీ బిగించడం, ఇదే పని. పక్క సీట్లో డ్రైవింగ్ స్కూలు మాస్టారు, భారీ మనిషి, ఆ టకటకలకు నిద్ర పాడై విసుక్కున్నాడు. బెల్టు గురించి తనకు ఎవరూ చెప్పక్కర్లేదని, రోజూ పదిమందికి తానే చెబుతానని అన్నాడు.

ఊరు దగ్గరపడేసరికి వాన కుండపోతగా ఉంది. కోడలు వెనక తలుపు దగ్గర మడత సీటులో కూర్చుని బెల్టులు బిగించుకుంది. దూరంగా అత్తగారి కొప్పు కనిపిస్తోంది. తలుపు ఎక్కడ, పిడి ఎటు, సాయానికి ఎవరు అని ఎప్పటిలాగే గొణుక్కుంది. మూడో ప్రశ్న పూర్తి కాకముందే, రన్‌వే ఇంకా ముందుండగానే, విమానం ఖాళీ పొలాన్ని ఢీకొట్టింది. ఎగిరి మళ్ళీ పడి, బురదలో చాలా దూరం ఈడ్చుకుంటూ పోయి ఒక పక్కకు ఒరిగి ఆగింది. దీపాలు ఆరిపోయాయి. ముందు భాగంలోంచి పొగ రావడం మొదలైంది.

కోడలు కిటికీలోంచి బయట మంట లేదని చూసి తలుపు తీసింది. గాలి నిండిన జారుడుబల్ల కిందికి పరుచుకుంది. ఇక గొంతు చించుకుని అరవడమే పని. సంచులు వదులు, ఇటు రా, దూకు. జనం ఒకరిమీద ఒకరు పడుతూ వచ్చారు, దూకారు. వచ్చిన ప్రతి ముఖంలోనూ ఆమె ఒక్క ముఖం కోసమే వెతికింది. అది లేదు. లోపలికి పరుగెత్తాలని కాళ్ళు లాగుతున్నాయి. ఆమె వెళ్తే వచ్చేవాళ్ళకు అడ్డం, పైగా పొగలో తలుపు ఎటో వాళ్ళకు చెప్పే గొంతు ఉండదు. అత్తయ్యా అని ఒక్కసారి కూడా పిలవకుండా అవే మూడు మాటలు అరుస్తూ నిలబడింది. జన్మలో అంత కష్టమైన పని ఆమె ఇంకొకటి చేయలేదు.

రావడం ఆగిపోయింది. పొగ నల్లబడింది. అప్పుడు సీట్లను తడుముకుంటూ ఒక చిన్న ఆకారం, దాని వెనకే ఒక పెద్ద ఆకారం బయటపడ్డాయి. ముందు అత్తగారు. ఆవిడ గుప్పిట్లో మాస్టారి చొక్కా. కోడలు అదే గొంతుతో దూకు అని అరిచి ఇద్దరినీ తోసేసింది. ఇంకెవరైనా ఉన్నారా అని మళ్ళీ పిలిచి చూసి, తానూ దూకింది.

మిగతావాళ్ళు పొగ ముదరకముందే ముందువైపు తలుపు నుంచి బయటపడ్డారు. పైలెట్ల కాళ్ళు విరిగాయి, కొందరికి తలలు పగిలాయి, ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు.

ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నం అత్తగారు చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. గాజు గుచ్చుకున్న అరికాలితో కోడలు కుంటుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"మీకోసం నేను లోపలికి రాలేదు అత్తయ్యా."

"వస్తే మేం ఎటు రావాలి? నీ అరుపు పట్టుకునే కదా వచ్చాం. అయినా నన్ను పట్టుకుని దూకు అంటావుటే? అండీ లేదు, గిండీ లేదు."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. అంత ఆలస్యమెందుకైందని అడిగింది. మాస్టారి వల్లనేనని అత్తగారు చెప్పింది. పాపం ఆయన కంగారులో కారు బెల్టుకు నొక్కినట్టు నొక్కుతూనే ఉన్నాడట. అది నొక్కేది కాదు, ఎత్తేదని చెప్పినా చెవికెక్కలేదట. తానే రేకు ఎత్తి లాక్కొచ్చిందట. వరండాలో మాస్టారు కనబడ్డ నర్సుకల్లా ఈ కథే చెప్పి, లోపలున్నావిడకు ఏ లోటూ రాకూడదని బతిమాలుతున్నాడు.

"నీ మూడు ప్రశ్నలు నేనూ వేసుకున్నాలే, దిగేటప్పుడు. నీ తలుపు వెనక ఉందని చూసి పెట్టుకున్నా. మూడోది మాత్రం మార్చుకున్నా. ఈ వయసులో నాకెవరు సాయం చేస్తారులే, నేనే ఎవరికి చెయ్యాలో చూసుకుందామని పక్కకు తిరిగా. ఆయన కనబడ్డాడు."

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న వేసుకుంటున్న కోడలికి అది అలా తిరగేయవచ్చని ఏనాడూ తట్టలేదు. ఆవిడ ఒళ్ళో తల పెట్టి, మీరు బతికొచ్చారు, అదే చాలు, నాకింకేమీ వద్దు అంది. అత్తగారు కట్టులేని చేత్తో ఆమె తల నిమిరింది. నన్ను తిట్టుకుంటున్నావని పాపిష్టిదాన్ని అనుమానించానే, నీ నోటి చలవే మమ్మల్ని బతికించింది అంది.

కాసేపటికి కోడలు తలెత్తి చూస్తే అత్తగారి పెదవులు కదులుతున్నాయి.

"ఏమిటి అత్తయ్యా, తిడుతున్నారా?"

"తలుపు అదుగో. గడియ పైకి ఎత్తాలి. పక్కన నువ్వున్నావు," అంది ఆవిడ, దిండు సర్దుకుని వాలుతూ. "ఇంక కాస్త పడుకుంటా."