కుడిపక్క మెట్లు

హీరో చొక్కా జేబు కుడివైపు ఉంది.

నలభై అయిదేళ్లు చొక్కాలు కుట్టినవాణ్ణి. మగవాడి చొక్కాకు జేబు ఎడమవైపు ఉంటుంది. ఫోన్‌లో ఆ పాత సినిమాను వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. ఇంట్లో ఉన్నంతసేపు జేబు ఎడమవైపే ఉంది. బయటికి వచ్చి ఇంకో ఇంటి మెట్లు ఎక్కేసరికి కుడివైపుకు పోయింది. బొత్తాల పట్టీ కూడా ఆడవాళ్ల చొక్కాకు ఉన్నట్టు రెండో పక్కకు పడింది. ఏ దర్జీ ఒకే చొక్కాను రెండు రకాలుగా కుట్టడు.

నా బావమరిది పక్కనే ఉన్నాడు. ముప్పై ఏళ్లు సినిమా హాల్లో ఆపరేటరుగా చేశాడు. చూపించాను.

"ముక్క తిరగేసి అతికించారు బావా. ముందు షాట్లో అటు నడుస్తాడు, ఈ షాట్లో ఇటు నడుస్తాడు. జనం తికమకపడతారని ఫిల్మును బోర్లా వేసేస్తారు. మామూలే."

"మరి మెట్లు?"

"అవీ అటువి ఇటు వస్తాయి. హీరో ఒక్కడే తిరుగుతాడా ఏంటి?"

ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆ సినిమాకు పెళ్లయిన రెండో ఏడు నేనూ నా భార్యా వెళ్లాం. ఆ మెట్ల మీద హీరో కాస్త తడబడ్డాడు. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఆమె పకపకా నవ్వింది. "అది మా ఇల్లే. నాకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా అందులోనే అద్దెకున్నాం. ఆ నాలుగో మెట్టు దగ్గర అందరూ తడబడేవాళ్లే" అంది. సినిమావాళ్లకు మీ ఇల్లు తప్ప దొరకలేదా అని వెక్కిరించాను. పట్టుబట్టి నన్ను ఆ ఊరు తీసుకుపోయింది. ఒక రేడియో రిపేరు కొట్టు ముందు నిలబడి, ఎదుటి ఇంటిని చూపించి ఇదే అంది. సినిమాలోలాగే గుండ్రటి కిటికీ ఉంది. మెట్ల పక్క కటకటాలకు ఇనుప పొద్దుతిరుగుడు పువ్వులు ఉన్నాయి. మెట్లు మాత్రం కుడిపక్క ఉన్నాయి. సినిమాలో ఎడమపక్క ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్లకు కుడి ఎడమలు ఏం గుర్తుంటాయి అన్నాను. 

"ఒక్కసారి ఎక్కి చూడు. నీకే తెలుస్తుంది" అంది.

పద్దెనిమిది మెట్లు. ఎక్కలేదు. రేడియో కొట్టువాడు వింటుండగా ఆమెను అబద్ధాలకోరు అన్నాను. ఆ తరవాత ఆమె నా దగ్గర ఆ ఇంటి ఊసు ఎత్తలేదు. పోయి మూడేళ్లయింది.

తప్పు సినిమావాళ్ల మీదికి నెడదామని చూశాను. కుదరలేదు. హీరో జేబు చూడాల్సిన కళ్లతో ఆమె మాటలో తప్పు వెతికాను.

"ఆ ఊరు పోదాం" అన్నాను.

"ఇప్పుడా? అక్క ఉన్నప్పుడు కాళ్లు పని చెయ్యలేదా?"

"నోరు మూసుకుని చొక్కా మార్చుకో."

ఆ ఇల్లు ఖాళీ చేశాక పుట్టినవాడు వాడు. వాడికి దారి తెలియదు. నాకు వీధి గుర్తు లేదు, రేడియో కొట్టు ఒక్కటే గుర్తుంది. అందుకని నా కొట్లో గోడకున్న అద్దం ఊడదీసి సంచిలో పెట్టుకున్నాను. ఫోన్‌లో బొమ్మను అద్దంలో చూస్తే అసలు ఇల్లు ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఉపాయం నాది. బస్సులో పక్కసీటు వాళ్లతో బావమరిది తనదని చెప్పుకున్నాడు.

ఊరు మారిపోయింది. రోడ్లు వెడల్పు చేశారు, సగం ఇళ్లకు ముందు భాగాలు లేవు. వాడు ఫోన్ పట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు, నేను వాడికి ఎదురుగా అద్దం పట్టుకుని ముందుకు నడుస్తున్నాను. రెండు వీధులు అలా తిరిగాం. అరుగు మీద పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి పేపరు దించాడు.

"ఏం అమ్ముతున్నారు? అద్దమా, ఫోనా?"

"మా బావని" అన్నాడు వీడు. "ఎంతకైనా ఇచ్చేస్తాం."

"వాడేసిన సరుకు మాకొద్దు" అని ఆయన మళ్ళీ పేపరు ఎత్తాడు.

రేడియో రిపేరు కొట్టు ఎక్కడని అడిగాను. పేపరు వెనకనుంచే జవాబు వచ్చింది. "రేడియోలే లేవు, ఇంక రిపేరేంటి? అదుగో, ఆ సెల్‌ఫోన్ల కొట్టు. వాళ్ల తాత రేడియోలు బాగుచేసేవాడు."

ఆ కొట్లో ఒకమ్మాయి చిన్న స్క్రూడ్రైవరుతో ఫోను విప్పుతూ కూర్చుంది. అద్దం బల్లకు ఆనించి, వచ్చిన పని చెప్పాను. సగం వినేసరికే నవ్వడం మొదలుపెట్టింది.

"ఇంత అద్దం మోసుకొచ్చారా తాతగారూ? ఇలా ఇవ్వండి." ఫోన్ తీసుకుని ఒక్క నొక్కు నొక్కింది. బొమ్మ తిరిగిపోయింది. మెట్లు కుడిపక్కకు వచ్చాయి, జేబు ఎడమపక్కకు వచ్చింది.

"ఉపాయం మా బావదండీ" అన్నాడు బావమరిది వెంటనే.

సంచిలో పెట్టేద్దామని అద్దం ఎత్తాను. అందులో నా మొహం, నా భుజం వెనక రోడ్డు, రోడ్డు అవతల ఒక ఇల్లు. ఆ ఇంటికి ఎడమపక్క మెట్లు, కటకటాల మీద పొద్దుతిరుగుడు పువ్వులు. సినిమాలో ఎలా ఉందో అలాగే ఉంది.

వెనక్కి తిరిగాను. మెట్లు కుడిపక్కకు వచ్చాయి. గుండ్రటి కిటికీని సగం కప్పేస్తూ పళ్ల డాక్టరు బోర్డు ఉంది. బోర్డు మీద ఒక పన్ను నవ్వుతోంది.

"దీన్ని వీపు వెనక పెట్టుకుని కూర్చున్నామా" అన్నాడు వాడు.

రోడ్డు దాటాను. క్లినిక్ పై అంతస్తులో ఉంది. మెట్ల కింద నిలబడి చెప్పులు సరిచేసుకున్నాను. ఒకటి, రెండు, మూడు. నాలుగోది తెలుసు. కావాలనే కాలు మామూలుగానే ఎత్తాను. బొటనవేలు గట్టిగా తగిలింది. ముందుకు తూలి కటకటాలు పట్టుకున్నాను. వెనకున్నవాడు వచ్చి నా వీపుకు గుద్దుకున్నాడు.

పైన బల్ల దగ్గర కూర్చున్నావిడ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అంది. "నాలుగోదా? అందరూ అక్కడేనండి."

మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. వంగి కొలిచాను. కింద మూడు మెట్లూ ఆరున్నర అంగుళాలు. నాలుగోది ఎనిమిది. పైవన్నీ మళ్ళీ ఆరున్నర. రెండోసారి కొలిచాను. ఎనిమిదే.

"పన్ను ఎవరికి?" అని పైనుంచి అడిగింది ఆవిడ.

"పళ్లు బానే ఉన్నాయండీ" అన్నాడు బావమరిది. "మా బావకి నాలుకతోనే ఇబ్బంది. దానికి వైద్యం చేస్తారా?"

"చెయ్యం. కూర్చుని వెళ్లండి."

మెట్లన్నీ ఎక్కాం. పైన కటకటాల దగ్గర వాడు ఆగాడు. నవ్వడం లేదు.

"ఇప్పుడేమంటావు బావా?"

"మీ అక్క చెప్పింది నిజమే."

"గట్టిగా అను. అప్పుడు రేడియో కొట్టుకు వినబడేలా అన్నావుగా."

"నీకెవరు చెప్పారు?"

"అక్కే. ఆ మాట నాతో ఎన్నిసార్లు చెప్పుకుందో. నీకు చెప్పలేదంతే."

కటకటాలు పట్టుకుని రోడ్డు అవతలికి చూశాను. అమ్మాయి తల వంచుకుని పని చేసుకుంటోంది. పిలిచాను. తలెత్తింది.

"నా భార్య చిన్నప్పుడు ఉన్న ఇల్లు ఇదే. ఆమె అబద్ధం చెప్పలేదు. నేనే ఎక్కి చూడలేదు."

రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు ఆగి పైకి చూశారు. అమ్మాయి స్క్రూడ్రైవరున్న చెయ్యి చెవి దగ్గర పెట్టి, వినబడింది అన్నట్టు తల ఊపింది. "దొరికిందా తాతగారూ? మంచిది" అని అరిచి మళ్ళీ పనిలో పడింది. ఆ మాట వినాల్సినవాళ్లలో నా భార్యా లేదు, రేడియో కొట్టువాడూ లేడు. ఉన్నవాళ్లకు చెప్పాను.

లోపలున్న డాక్టరమ్మ ఊరికే పంపలేదు. బావమరిది నోరు తెరిపించి, ఒక పన్ను పుచ్చిందని చెప్పి, వచ్చేవారం రమ్మంది. వాడి మొహం వాడిపోయింది. నాకు బాగానే ఉంది.

దిగేటప్పుడు లెక్కపెట్టుకుంటూ దిగాను. ఎత్తు కూడా తెలుసు, నేనే కొలిచాను. అయినా అక్కడికి వచ్చేసరికి కాలు గాలిలో వెతుక్కుంది, మళ్ళీ తూలాను.

వెనకనుంచి వాడు పకపకా నవ్వాడు. అచ్చం వాళ్లక్క నవ్వే. ఇన్నేళ్లు పక్కనే ఉన్నా గమనించలేదు. తిట్టబోయి ఆగాను. వాడి నవ్వు అయ్యేదాకా ఆ మెట్టు మీదే నిలబడ్డాను.