రాలని టమాటా పువ్వు

రోజూ సాయంత్రం నాలుగింటికి అక్క విత్తనాల కంపెనీ వలపందిట్లో పీట వేసుకుని కూర్చునేది. మర్నాడు విచ్చుకోబోయే టమాటా మొగ్గను వేళ్ల మధ్య పట్టుకుని, కేసరాలన్నీ లాగేసి, మధ్యలో కీలాన్ని ఒంటరిగా వదిలేది. పొద్దున్నే చెల్లి చిట్టి వచ్చి వేరే రకం పుప్పొడి దానికి అద్దేది. ఇద్దరి చేతులూ పడితేగాని కాయ కట్టేది కాదు.

ఇది ఆరేళ్ల కిందటి మాట. ఒకసారి అక్క కబుర్లలో పడి వరుస వరుసంతా కేసరాలు సరిగా తీయలేదు. ఆ పూలు తమ పుప్పొడితోనే కాయలు కాశాయి, విత్తనం కల్తీ అయింది. సూపర్‌వైజర్ నిలదీస్తే అక్క భయంతో, "పొద్దున అద్దేది మా చెల్లి కదండీ" అనేసింది. చెల్లి పని ఊడింది. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

పని ఊడిన ఆ పొద్దున ఆమె అద్దకుండా వదిలేసిన పువ్వొకటి రాలడం మానేసింది. ఎవరు అద్దినా పుప్పొడి జారిపోయేది. "చిట్టి కోసం చూస్తోంది, చూడనివ్వండి" అని సూపర్‌వైజర్ ఆ మొక్కకు కర్ర పాతించి, ఏటా కొత్త నారు దాని పక్కనుంచి వేయించేవాడు. దాని ముందుకొస్తే అక్కకు తల కొట్టేసినట్టుండేది. చెల్లి మీద బెంగతో అన్నం సహించేది కాదు. ఫోన్‌లో నంబరు నొక్కడం, మోగకముందే పెట్టేయడం.

శుక్రవారం పందిరి పీకేస్తారని తెలిసిన రోజు మాత్రం మోగనిచ్చింది.

"నీ పువ్వు అలాగే ఉందే చిట్టీ. పొడి అద్ది పో."

"ఇది చెప్పడానికా, ఆరేళ్లకి?" అంది చెల్లి. అయినా మర్నాడు మొదటి బస్సుకే దిగింది.

వంగి పుప్పొడి అద్దింది. జారిపోయింది. మళ్లీ అద్దింది. మళ్లీ జారింది.

"నా కోసం కాదులే" అని లేవబోతే అక్క చెయ్యి పట్టుకుంది.

"కూర్చోవే. ఆ కల్తీ నాది. కేసరాలు తీయంది నేను. నీ మీదకి నెట్టేశాను." సూపర్‌వైజర్‌తో సహా పందిట్లో అందరికీ వినపడేలా చెప్పింది.

చెల్లి మళ్లీ పువ్వు మీదకి వంగింది. మూడోసారి అద్దింది. పుప్పొడి నిలిచింది. రేకులు ముడుచుకుని రాలాయి, వాటి వెనక ఆవగింజంత పచ్చటి పిందె.

"కుండీ తీసుకురా" అంది చెల్లి కళ్లు తుడుచుకుంటూ. "వేళ్లు తెగకుండా మట్టితో తీద్దాం. పండేదాకా మీ ఇంట్లోనే ఉంటా. గింజలు కూడా నేనే తీస్తా. నిన్ను నమ్మను."

"నమ్మకు" అంది అక్క, కుండీ కోసం పరిగెడుతూ.